బైసనుకు గోగ్రాసం

అవిఘ్నమస్తు. విఘ్నాలను తొలగించే ఏనుగు మొగపు దేవరకు నమస్కరించి, విఘ్నాన్ని అరటిపండు చూపి మరీ పిలిచిన నా కథను విన్నవిస్తున్నాను. స్వస్తిశ్రీ రుధిరోద్గారి నామ సంవత్సర జ్యేష్ఠ శుద్ధ ద్వాదశి నాడు, అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో, మా చెల్లెలి ఉద్యోగాన్ని నేను దాదాపు ఒక మృగానికి మేపివేశాను. పాఠకులు నిరభ్యంతరంగా నవ్వవచ్చును. ఆనాడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

మా చెల్లెలు కామాక్షి జంతుశాస్త్రంలో పట్టా పుచ్చుకొని, పెళ్ళయి, ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురం పెట్టింది. ఆరేళ్ళుగా దరఖాస్తులు పంపడం, "చింతిస్తున్నాము" అనే జాబులు అందుకోవడం ఆమెకు నిత్యకృత్యం. తుదకు రెండు గంటల దూరంలోని ఒక వన్యమృగ ఉద్యానం వారు కబురు పంపారు. సందర్శకులను వ్యానులో ఎక్కించుకొని, మృగాల నడుమ నడుపుతూ, వాటి విశేషాలు చెప్పాలి. ఒక్క యాత్ర సవ్యంగా జరిపి చూపితే గైడు ఉద్యోగం ఖాయం. సెలవులకు వచ్చిన ఈ తెలుగు పండితుణ్ణి ఆ పరీక్షా యాత్రకు వెంట తీసుకుపోవడం ఆమె చేసిన ఏకైక పొరపాటు.

నన్ను తన పక్క సీటులో కూర్చోబెట్టి హెచ్చరించింది. "అన్నయ్యా, ఒక్కటే రిక్వెస్ట్. కిటికీ ఓపెన్ చేయకు, జంతువులకు ఏమీ పెట్టకు. వెనక సీట్లో ఉన్న మార్తా గారే హెడ్ గైడ్. అన్నీ నోట్ చేసుకుంటుంది."

"నేనేమైనా పసివాణ్ణా కామాక్షీ?"

"పసివాడివైతే చాక్లెట్ ఇచ్చి కూర్చోబెట్టేదాన్ని. పండితుడివి, అదే భయం!"

ముందునాడు నిర్జల ఏకాదశి. నీటిచుక్క ముట్టలేదు. ద్వాదశి నాడు భోజనం చేసి ఉపవాసం విడవాలి; కాని అంతకు ముందు ఆవుకు ఒక ముద్ద పెట్టాలి. గోగ్రాసం లేనిదే మెతుకు ముట్టకపోవడం మా ఇంటి ఆచారం. ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్లు కోకొల్లలు, ఆవు ఒక్కటీ లేదు. అక్కడ పాలు అట్టపెట్టెలో పుడతాయి. ఒకవంక ద్వాదశి ఘడియలు దాటిపోతున్నవి. మరొకవంక ఒళ్ళోని స్టీలు డబ్బాలో బెల్లం కలిపిన అన్నమూ, అరటిపండ్లూ నా ప్రాణాలను తోడేస్తున్నవి.

సరిగా అప్పుడు వ్యాను పక్కన బైసను, అంటే అమెరికా అడవిదున్న, ఒకటి వచ్చి నిలిచింది. గడ్డివామికి కొమ్ములు మొలిచినట్టున్నది. నేను తర్కించాను: కొమ్ములున్నవి, గిట్టలు చీలి ఉన్నవి, నెమరు వేస్తున్నది, కాబట్టి గోజాతి. ఆకలి రుచి ఎరుగదంటారు. నా ఆకలి జాతి కూడా ఎరుగలేదు.

"ఇవి సాధుజంతువుల్లా కనిపిస్తాయి, నమ్మకండి," అని కామాక్షి మైకులో ఇంగ్లీషున చెబుతున్నది. ఆ క్షణంలోనే నేను పిడి తిప్పి, అద్దం దించి, పరమ భక్తితో ముద్ద చాచాను.

ముద్ద పోయింది. అరటిపండ్లు తొక్కలతో సహా పోయినవి. పిమ్మట కల్యాణ గంగాళమంత తల లోపలికి వచ్చి, నా భుజం మీది పట్టు శాలువా కొసను నమలనారంభించింది.

"అన్నయ్యా! ఏం చేశావు?"

"గోగ్రాసం, అమ్మా..."

"అది బైసన్!"

"ఆవుకు పెదతల్లి కొడుకనుకో!"

మా వెనకనున్న వృద్ధ దంపతులు కెవ్వుమన్నారు. మార్తా గారి కలం పరుగెత్తుతున్నది. ఆ గీసే ప్రతి గీతా నా చెల్లెలి ఆరేళ్ళ ఆశ మీద పడుతున్నదని అప్పటికిగాని నాకు తెలిసిరాలేదు.

కామాక్షి బండి ఆపింది. గొంతు పెంచలేదు. "ఎవరూ అరవకండి. ఇటువైపువారు మెల్లగా అటు జరగండి," అని ఇంగ్లీషులో చెప్పి, నాతో తెలుగులో, "శాలువా వదిలెయ్," అన్నది.

"అవధానం చేసినందుకు కప్పిన శాలువా కామాక్షీ! నిండు సభలో, అందరి ఎదుట..."

"శాలువా కావాలా, చెల్లెలి ఉద్యోగం కావాలా? ఇప్పుడే చెప్పు."

వదిలాను. తల వెనక్కు పోయింది, ఆమె నా మీదుగా వంగి అద్దం ఎత్తేసింది. కొమ్మున శాలువా వేలాడగా ఆ మృగం సభాధ్యక్షునిలా సాగిపోయింది. సత్యం చెప్పవలెనంటే, నాకన్నా దానికే నప్పింది. కిటికీ తెరవనేల, శాలువా పోగొట్టుకోనేల అన్నారు పెద్దలు. అనకపోతే ఇకనైనా అనాలి.

కామాక్షి వెంటనే రేడియో అందుకున్నది. "బైసను కొమ్ముకు గుడ్డ చిక్కింది, మింగకముందే మనుషులను పంపండి. కిటికీ తెరిచింది మా అన్నయ్య. బండి నాది, కనుక బాధ్యత నాది."

గేటు దగ్గర దిగగానే నేను మార్తా గారికి చేతులు జోడించాను. "తప్పు నాది. శిక్ష ఆమెకు వేయకండి."

ఆమె నన్ను ఆపాదమస్తకం చూసి, చెల్లెలితో, "నిజంగా మీ అన్నేనా? నిన్ను పరీక్షించడానికి మావాళ్ళెవరైనా పంపారేమో అనుకున్నాను," అన్నది.

"నిజంగా మా అన్నయ్యేనండీ. ఏం చేయను?"

"బైసన్లను అదుపు చేసేవాళ్ళు నా దగ్గర నలుగురున్నారు. ఇటువంటి ప్రయాణికుణ్ణి అదుపు చేయగలది ఇవాళే దొరికింది."

కావున సమస్త మృగజాతి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఏ జంతువునైనా చెల్లెలిని అడగనిదే గోవని నిర్ణయింపను, ఆమె పరీక్షలో ఉండగా పుణ్యం సంపాదింపను, ఆకలితో తర్కశాస్త్రం జోలికి పోను.

1983 జూలైలో కామాక్షి ఆ ఉద్యానంలో గైడుగా చేరింది.