పీట కూడా ఊరుకోదు

ఆ పెద్దాయన మీద కోపం పూర్తిగా పోకముందే ఇది రాసిపెట్టాలి. పోయాక నా తప్పును చిన్నది చేసి చెప్పుకుంటానని నాకు తెలుసు.

ఆ సాయంత్రం తిరుమలగిరి గ్రంథాలయంలో ఉత్ప్రేరకాల మీద నా మొదటి ప్రసంగం. పదో తరగతితో చదువు ఆగిన నేను అక్కడి పుస్తకాలతోనే సైన్సు నేర్చుకున్నాను. సికింద్రాబాద్‌లో బస్సు ఎంతకీ కదలకపోతే, కాగితాలు తీసి పైకి చదువుకుంటున్నాను.

"ప్లాటినం రవ్వలు పెళ్లికొడుకులు, పనంతా వాళ్లదే. కింద ఆక్సైడ్ ఉత్త పీట."

పక్క సీట్లో చాయ్ తాగుతున్న పెద్దాయన నవ్వాడు. "పీట సుత ఊకె కూసోదు సార్. టైటానియా అనే ఆక్సైడ్ మీద ప్లాటినం పెట్టి హైడ్రోజన్‌ల గట్టిగ వేడి చేస్తే, పీటే పెళ్లికొడుకు మీదికెక్కి కప్పేస్తది. ఇగ పనేం చేస్తడు?"

"పుస్తకంలో అలా లేదండీ!"

"ల్యాబ్‌ల గీ తక్లీఫ్ ముప్పై ఏండ్లు పడ్డ. జెర చూడుండ్రి."

కప్పు నా ముందు పెట్టి ఊదాడు. చాయ్ మీద కట్టిన మీగడ ముడతలు పడింది గానీ చాయ్ కనబడలేదు.

నేను మొహం తిప్పుకున్నాను. బస్సు కదిలాక ఆయన కార్ఖానా స్టాపులో దిగిపోయాడు.

గ్రంథాలయంలో పుస్తకం మళ్లీ తిరగేస్తే, ఉత్ప్రేరకాల అధ్యాయం చివర రెండు పేజీలు బైండింగ్ జిగురుకి అంటుకుని ఉన్నాయి. విడదీస్తే ఆయన చెప్పిందే ఉంది. మూడుసార్లు చదివిన పుస్తకం! నా కాగితంలో "ఉత్త" కొట్టేసి, నా తప్పుతోనే ప్రసంగం మొదలుపెట్టాను.

పుస్తకం ఇచ్చిన సుజాత గారికి, పేజీలను బ్లేడుతో విడదీసిన యాదగిరికి, చివరిదాకా విన్న శామ్యూల్ మాస్టారికి ధన్యవాదాలు. చాయ్ పెద్దాయన పేరూ ఇక్కడ ఉండాల్సింది. కోపంలో అడగలేదు.