కూర్మమ్మ ఎంచిన డేరా

నాకు శుభ్రత పిచ్చి. ముందే ఒప్పుకుంటున్నాను, లేకపోతే తర్వాత చెప్పబోయే తప్పు నేనెందుకు చేశానో మీకు అర్థం కాదు. పొందూరు ఖద్దరు తప్ప వేరే చీర కట్టేదాన్ని కాదు. అదీ చాకలి లక్ష్ముడు చౌడుమట్టి నీళ్ళలో తడిపి, ఉబ్బలో వేసి ఆవిరికి ఉడికించి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి తెస్తేనే. సుద్దముక్క పొడి చీర మీద రాలితే ఆ పూటంతా పిల్లల మీద విసుక్కునేదాన్ని. అటువంటి నాకు పందొమ్మిది వందల అరవై ఏడులో, శ్రీకాకుళంలో మా హైస్కూలువాళ్ళు గైడ్స్ దళం అప్పగించారు. అంటే ఆడపిల్లలకు ముడులు వేయడం, కట్లు కట్టడం, ఆరుబయట వంట చేయడం నేర్పి, ఏడాదికోసారి పొరుగూరు తీసుకెళ్ళి డేరాలో ఉంచాలన్నమాట. అయితే ఇది నా కథ కాదు, కూర్మమ్మ కథ. నేను ఇందులో చేసింది చెడగొట్టడమే.

మా హెడ్మాస్టరు నరసింగరావుగారికి ఈ దళం మొదటి నుంచీ ఇష్టం లేదు. పైనుంచి కాగితం వచ్చింది కాబట్టి సరేనన్నారు. అనేముందు ఒక షరతు పెట్టారు.

"చూడండి పద్మకుమారిగారూ, ఒక్క పిల్ల తడిసి జ్వరంతో తిరిగొచ్చిందంటే ఆ రోజుతో దళం మూసేస్తాను. తర్వాత నన్ను అడక్కండి."

దళంలో పద్నాలుగు మంది. తండ్రో అన్నో వెంట లేకుండా వీధి చివరి దాకా వెళ్ళని పిల్లలు. ఈ దారి ఒకసారి మూసుకుపోతే మళ్ళీ తెరిచేవాళ్ళు ఉండరని నాకు తెలుసు, ఆ పిల్లలకూ తెలుసు.

తల్లిదండ్రుల మీటింగు పెట్టాను. అందరూ తిండి గురించి, తోడు గురించి అడిగారు. వెనక గుమ్మం దగ్గర ఖాళీ చేపల గంప కింద పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయేమో. మా దళంలోని ఎనిమిదో తరగతి చిన్నతల్లికి తల్లి, కూర్మమ్మ. శ్రీకూర్మం అవతల సముద్రపొడ్డు పేట వాళ్ళది. రోజూ ఊళ్ళోకి చేపలు తెచ్చి అమ్ముతుంది. అందరి ప్రశ్నలూ అయ్యాక లేచి నిలబడింది.

"మేస్టరమ్మా, పిల్లల్ని ఏ గుడ్డ కింద పడుకోబెడతారు? ఆ డేరా ఏది? ఓపాలి సూపించండి."

డేరా ఇంకా కొనలేదన్నాను.

"మరి కొనే నాడు నన్ను తీసికెళ్ళండి. మీకు గుడ్డ తెలుస్తాదేమో గానీ, గాలి తెలీదు" అంది కూర్మమ్మ.

నాకు కోపం వచ్చింది. ఖద్దరు నేత చూసి ఏ ఇంటి మగ్గమో చెప్పగలననుకునేదాన్ని. అయినా తీసుకెళ్ళాను, కాదంటే ఆవిడ గంపతో సహా వెంటబడేటట్టు కనిపించింది మరి.

విజయనగరంలో ఎల్లాజీ అనే ఆయన మిలిటరీ వేలం సరుకు అమ్మేవాడు. రెండు డేరాలు పరిచి చూపించాడు. ఒకటి పచ్చగా, కొత్తగా, తేలిగ్గా మడత పడేది. రెండోది మాసిన తెలుపు, బరువు, మూల మీద రెండు మాసికలు. నేను మొదటిదాని దగ్గర నిలబడ్డాను. కూర్మమ్మ నావైపు చూడలేదు. పచ్చ డేరా కొంగు పట్టి ఎండకెత్తింది. గుడ్డలోంచి వెలుతురు సన్నటి చుక్కలు చుక్కలుగా కనిపించింది. అది అలాగే వదిలేసి పాతదాన్ని ఎత్తింది. చుక్కల్లేవు. తర్వాత మడతలోకి ముక్కు దూర్చి బూజు వాసన ఉందేమో చూసింది. కుట్టు కుట్టుకీ రెండు బొటనవేళ్ళు పెట్టి విడదీయబోయింది. చివరికి నేల మీద పరిపించి, మధ్యలో గుంట చేసి, చెంబుడు నీళ్ళు పోయించి, పొగాకు చుట్ట వెలిగించుకుని కూర్చుంది. చుట్ట అయ్యేదాకా ఎవర్నీ కదలనివ్వలేదు. గుడ్డ ఎత్తితే కింద నేల పొడిగా ఉంది.

"ఇదే. ఆ పచ్చది పెళ్ళి పందిరికి పనికొస్తాది" అంది.

ఎల్లాజీ నవ్వి, "ఏటమ్మా, నీకెలాగ తెలిసింది ఇదంతా?" అన్నాడు.

"మా అయ్య తెరసాపలు కుట్టీవోడు. ఆడదాన్ని తెప్ప మీద కాలెట్టనీరు గానీ, తెప్పని నడిపే సాప మా సేతుల్తోనే కుట్టించుకుంటారు. మా ఆయన గంగులు సాప ఇప్పటికీ నానే కుడతాను. అది సిరిగితే ఏటవుతాదో ఇంటికాడ ఎదురు సూసీదానికి తెలుస్తాది."

ఆ మాట విన్నాక నేను పాత డేరాకే డబ్బు లెక్కపెట్టి ఎల్లాజీ చేతికిచ్చాను. బస్సులో తిరిగి వస్తూంటే కూర్మమ్మ డేరా మూట మీద చెయ్యేసుకునే కూర్చుంది, ఎవర్నీ దాని మీద కాలు పెట్టనివ్వలేదు.

ఆగస్టులో శాలిహుండం కొండ కింద ఒక పగలంతా డేరా వేసి పిల్లలకు అలవాటు చేశాను. బాగానే జరిగింది. కానీ ఎర్రమట్టి, కట్టెల పొయ్యి మసి, ఎవరో ఒలకబోసిన పులుసు మరక, ఇవన్నీ డేరా మీద చేరాయి. చూస్తుంటే నా ఒంటి మీద జెర్రులు పాకినట్టయింది. ఇక చేసింది చెబుతాను. ఆ డేరాను లక్ష్ముడికి వేశాను. "బాగా ఉబ్బలో పెట్టు, చౌడు ఎక్కువ వెయ్యి" అని దగ్గరుండి చెప్పాను. పాపం అతని తప్పేమీ లేదు, నేను చెప్పిందే చేశాడు. పైగా, అమ్మగారి గుడ్డ కదా అని చెప్పకుండానే గంజి కూడా పెట్టాడు. తిరిగొచ్చిన డేరా మల్లెపువ్వులా ఉంది. నేను మురిసిపోయి స్టాఫ్ రూములో అందరికీ చూపించాను.

విజయనగరంలో అన్ని బడుల గైడ్స్ దళాలూ కలిసి మూడు రోజులు డేరాల్లో ఉండే నవంబరు ర్యాలీకి ఇంకా మూడు వారాలుందనగా కూర్మమ్మ డేరా చూస్తానంటూ వచ్చింది. విప్పి పట్టుకోగానే చేతిలో గరగరమంది. ఆవిడ మొహం మారింది. పిల్లల చేత నాలుగు కర్రలకు కట్టించి, కింద తను నిలబడి, పైన కుండెడు నీళ్ళు పొయ్యమంది. పోసినంతా ఆవిడ మొహం మీదే పడింది.

మొహం తుడుచుకుని నెమ్మదిగా అడిగింది. "మేస్టరమ్మా, డేరాకి గంజెట్టించారా?"

పిల్లలందరి ముందూ తల కొట్టేసినట్టయింది. అవునన్నాను.

"గుడ్డలో ఉన్న సత్తువంతా చౌడుకి పోయింది. గంజికి ఎలకలొస్తాయి, బూజొస్తాది. ఇది మీరు కట్టుకునే సీర కాదమ్మా."

ర్యాలీ మానేద్దామన్నాను. నిజంగానే అన్నాను, ఏడుపు కూడా వచ్చింది. నా పిచ్చి వల్ల పద్నాలుగు మంది పిల్లల దారి మూసుకుపోతోందని తెలిసి ఎలా ఊరుకుంటాను? కూర్మమ్మ నా ఏడుపు కాసేపు చూసింది.

"ఏడిస్తే ఆరదు, ఇంకా తడుస్తాది. మా పేటకి పంపండి. పిల్లల్ని కూడా పంపండి, పని శానా ఉన్నాది."

రెండు ఆదివారాలూ, మధ్య సెలవులూ మేం ఆ పేటలోనే ఉన్నాం. మొదట నాగావళిలో డేరాను రాళ్ళకు కట్టి పారే నీళ్ళలో ఒక రోజంతా నానబెట్టారు. పిల్లలు దాని మీద నిలబడి తొక్కితే గంజి పాలలా కారింది. నీళ్ళు తేటపడేదాకా ఆపనివ్వలేదు. తర్వాత కూర్మమ్మ పేటలో వలలు ముంచే పెద్ద కాగులు తెచ్చి తుమ్మచెక్క, అంటే తుమ్మచెట్టు బెరడు, ఉడకబెట్టింది. వలలూ తెరచాపలూ కుళ్ళకుండా వాళ్ళు ఆ ఎర్రటి కషాయంలోనే ముంచుతారట. డేరాను అందులో ముంచి, ఇసక మీద ఎండబెట్టి, మళ్ళీ ముంచారు. ఆ పైన రోజూ తడపడం, ఆరబెట్టడం.

"నూలు తడిసి ఆరి, తడిసి ఆరితే బిగుసుకుంటాది. సందు మూసుకుపోతాది. తొందరెట్టకండి" అనేది నేను తొందర పెట్టినప్పుడల్లా.

కుట్ల మీద తేనెమైనం రుద్దే పని నాకిచ్చింది. నా ఖద్దరు చీర మీద తుమ్మచెక్క మరకలు పడ్డాయి. అవి ఇక పోవు. చిత్రంగా, నాకు విసుగు రాలేదు. ఆఖరి రోజు మళ్ళీ నాలుగు కర్రలకు కట్టి, ఈసారి కింద నన్ను నిలబెట్టి కుండెడు నీళ్ళు పోయించింది. ఒక్క చుక్క పడలేదు.

అయితే నా మల్లెపువ్వు కాస్తా ఇటుకరంగుకు తిరిగింది. ర్యాలీ మైదానంలో పదకొండు తెల్ల డేరాల మధ్య మాది ఎర్రగా నిలబడితే వేరే బడి పిల్లలు ముక్కు మీద వేలేసుకున్నారు. వాళ్ళ టీచరమ్మ ఒకావిడ "ఎక్కణ్ణించి తెచ్చారండీ ఇది, సర్కసు వాళ్ళ దగ్గరా?" అంది. నేను ఏదో అనబోతే కూర్మమ్మ చెయ్యి పట్టి ఆపింది. ఆవిడ చేపల బేరం మానుకుని మూడు రోజులకూ మాతోనే వచ్చింది. డేరా వీపు తూర్పు గాలికి పెట్టించింది. చుట్టూ కాలవ తవ్వించింది.

రెండో రోజు పొద్దున్న మబ్బు కమ్మింది. అందరూ తాళ్ళు లాగి బిగిస్తున్నారు. కూర్మమ్మ మాత్రం మా పిల్లల చేత తాళ్ళన్నీ వదులు చేయించింది. నాకు మతిపోయింది.

"తాడు తడిస్తే కురసవుతాదమ్మా. ఇప్పుడు బిగిస్తే మేకులు పీకేస్తాది" అంది.

తొమ్మిది గంటలకు వాన అందుకుంది. పదిన్నరకల్లా పక్క డేరా తాళ్ళు బిగుసుకుపోయి రెండు మేకులు పైకి లేచాయి. ఆ పక్కది కూలింది. మధ్యాహ్నానికి నాలుగు బడుల పిల్లలు పెట్టెలు నెత్తిన పెట్టుకుని మా ఎర్ర డేరా గుమ్మంలో నిలబడ్డారు. సర్కసు అన్న టీచరమ్మ కూడా వాళ్ళలో ఉంది.

"రండమ్మా, రండి. గుడ్డ మాత్రం లోపల్నించి ముట్టుకోకండి" అని కూర్మమ్మ అందర్నీ దగ్గర దగ్గరగా సర్ది కూర్చోబెట్టింది.

నాలుగు గంటలకు హెడ్మాస్టరుగారు దిగారు. విజయనగరంలో వాన అని తెలిసి, పిల్లల్ని వెనక్కి తీసుకుపోవడానికి, దళం మూసేయడానికే బస్సెక్కి వచ్చారు. గొడుగు తిరగబడి, పంచె మోకాళ్ళ దాకా తడిసి, కోపంగా డేరాలోకి వంగారు. మా పద్నాలుగు మందినీ లెక్కపెట్టుకున్నారు. చిన్నతల్లి జడ పట్టుకుని చూశారు. ఇంకో పిల్ల జడ, ఇంకో పిల్ల జడ. అన్నీ పొడిగా ఉన్నాయి. ఆయనకు నమ్మకం కుదరక తల ఎత్తి వేలితో డేరా గుడ్డను నొక్కి చూశారు. వేలు తీసిన చోటు నుంచి ఒక బొట్టు ఆయన కళ్ళద్దాల మీద పడింది.

"సెయ్యి తీయండి బాబూ" అంది కూర్మమ్మ. ఆయన చెయ్యి పక్కకు నెట్టి, కారిన చోట తన వేలు పెట్టి, గుడ్డ మీద అంచుదాకా గీత గీసినట్టు కిందికి లాగింది. నీరు ఆ గీత వెంబడే జారి బయటికి పోయింది. కారడం ఆగింది.

మా హెడ్మాస్టరుగారి చేతిని నెట్టిన మనిషిని అంతకు ముందు నేను చూడలేదు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. అక్కడున్న యాభై మందిలో ఆ డేరా కింద ఉండగా తడిసింది ఆయనొక్కరే. ఎవరో అల్లం టీ గ్లాసు చేతికిచ్చారు. పెట్టె మీద కూర్చుని సగం తాగారు. పిల్లలు ఆయన మొహమే చూస్తున్నారు.

"దళం ఉంటుంది" అన్నారు చివరికి, గ్లాసులోకి చూస్తూ. "వచ్చే ఏడు ఇంకో డేరా కొందాం. ఏమమ్మా, నువ్వు వెళ్ళి ఎంచిపెడతావా?"

పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు నొక్కుకున్నారు. కూర్మమ్మకు మాత్రం ఆ మాట చాలలేదు. గంప దించి బేరానికి కూర్చున్నట్టు నేల మీద సర్దుకుని కూర్చుంది.

"బడిలో ఆడపిల్లలు ఎంతమంది బాబూ?"

"డెబ్బై రెండు మంది."

"ఒక్క డేరాలో ఎందరు పడతారు? మిగతావోళ్ళు ఏటి సేస్తారు? నాలుగు కావాల."

"రెండు చాల్లేమ్మా."

"నాలుగు."

"మూడు" అన్నారు హెడ్మాస్టరుగారు.

కూర్మమ్మ కాసేపు ఆలోచించినట్టు నటించింది. "సరే బాబూ, మీరు పెద్దోరు, మీ మాట కాదననేను. వచ్చే యేడు మూడు కొనండి. నాలుగోది ఆ పై యేడు."