పూతరేకుల పాఠంలో రెండు గళ్ళు

ఈ సంగతి ఎవరికి చెప్పబోయినా నన్ను పూర్తిగా చెప్పనిచ్చినవాళ్ళు లేరు. హిందీ మాస్టారి మాట కదా, తర్వాత విందాంలే అనుకుంటారు. నిడదవోలు దగ్గర బడిలో పనిచేసినన్నాళ్ళూ ఇదే వరస. పరీక్షలు దగ్గరపడితే చాలు, లెక్కల మాస్టారు నా క్లాసు గుమ్మంలో నిలబడి, "మీ పీరియడ్ ఇచ్చేయండి మాస్టారూ, హిందీలో ఇరవై వస్తే పాసే కదండీ" అనేవారు. నవ్వుతూనే అనేవారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

నా భార్య కూడా హిందీ పండితురాలే. ఢిల్లీ, ఆగ్రా కబుర్లు కాకుండా మన ఊళ్ళ సంగతులతో పిల్లలకు ఒక హిందీ వాచకం రాద్దామని ఇద్దరం పూనుకున్నాం. తొంభైల చివర్లో రాజమండ్రిలో ఒక డీటీపీ షాపులో టైపు చేయించాం. మొదటి సగం నాది. రెండో సగం ఆవిడ కాగితం మీద పెట్టలేదు. నేను ఊళ్ళో వేరే పనులు చూసుకుంటుంటే, షాపులో కూర్చుని, నోటితో చెబుతూ కొట్టించింది. అందులో ఆత్రేయపురం పూతరేకుల మీద ఒక పాఠం ఉంది.

తిరిగి వస్తూ రైల్లో అడిగాను. "పూతరేకుని హిందీలో ఏమన్నావు?"

"పుస్తకం వచ్చాక చదువుకోండి. అన్నీ ముందే తెలిసిపోవాలి మీకు."

పుస్తకం రాలేదు. ఆ ఏడే ఆవిడ పోయింది. షాపువాళ్ళు వాచకం ఎక్కించి ఇచ్చిన ఫ్లాపీ జోలికి కొన్నేళ్ళు వెళ్ళలేకపోయాను. వెళ్ళేసరికి ఆ షాపు లేదు, వాళ్ళ కంప్యూటర్ పాత సామాన్లకు పోయింది.

ఇంకో షాపుకి పట్టుకెళ్ళాను. ఆపరేటరమ్మాయి ఫైలు తెరిచింది. తెర మీద ఎఫ్, డి, ఆర్, కె, సి.

"ఇది ఇంగ్లీషండి మాస్టారూ."

"కాదమ్మా, 'కితాబ్' అని మొదలవ్వాలి."

"అదేనండి ఇది. డి నొక్కితే 'క' బొమ్మ కనబడేలా ఆ ఫాంటు చేశారు. లోపలున్నది మాత్రం డీయేనండి. ఫాంటు లేకపోతే డీయే కనబడుద్ది."

నాకు ఒళ్ళు మండింది. బళ్ళో నా పీరియడ్ నాది కాదు. కంప్యూటర్లోనూ మా 'క'కి సొంత కుర్చీ లేదన్నమాట. ఇప్పుడలా కాదనీ, హిందీ 'క'కి రెండువేల మూడువందల ఇరవై అయిదు అని సొంత అంకె ఇచ్చారనీ, ఏ మిషన్లోనైనా అదేననీ ఆ అమ్మాయి చెప్పింది.

"అప్పుడే ఎందుకివ్వలేదమ్మా?"

"నేనప్పుడు అయిదో తరగతండి."

ఉన్న ఫాంట్లన్నీ వేసి చూసింది. ఒకదానితో మామూలు అక్షరాలు కుదిరాయి. ఆవిడ వాక్యాలు ఒక్కొక్కటే పైకి వస్తుంటే కుర్చీలో కూర్చోలేకపోయాను. సంయుక్తాక్షరాలు మాత్రం పాత ఫాంటు వాళ్ళు తమ ఇష్టమొచ్చిన అంకెల మీద పెట్టుకున్నారట. వాటి చోట ఖాళీ గళ్ళే ఉన్నాయి. నా పాఠాల్లో గళ్ళు నేను పూరించుకున్నాను. ఆవిడ పాఠాల్లోనూ చాలావరకు ఊహించగలిగాను. పూతరేకుల పాఠంలో ఆగిపోయాను. బియ్యప్పిండి నీళ్ళతో కాగితంకన్నా పల్చగా రేకు తీస్తారు, ఆ మిఠాయిని మనం ఇలా పిలుద్దాం అని రాసింది. ఆ తర్వాత ఒక గడి, ఒక 'ర', మళ్ళీ ఒక గడి.

"ఏదో ఒకటి వేసేద్దామా అండీ?" అంది ఆ అమ్మాయి.

"ఆవిడ మాట తీసేసి నా మాట పెట్టమంటావా?"

ఆ అమ్మాయి మళ్ళీ తెర వైపు తిరిగింది. ఆ గళ్ళ వెనక అంకెలు మాత్రం చూసి చెప్పింది.

ఏలూరు, కాకినాడ తిరిగాను. ఎవరి దగ్గరా ఆ ఫాంటు లేదు. తయారుచేసిన కంపెనీకి ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఫోను చేస్తే, "అది ఇప్పుడు అమ్మట్లేదండి" అని పెట్టేశారు. కొంటానని నేను అడగలేదు.

ఆ ఫాంటు చేసినవాళ్ళనే మళ్ళీ అడుగుతున్నాను. నూట ఎనభై ఏడు, రెండు వందల పద్నాలుగు. ఈ రెండు అంకెల మీద మీరు ఏ అక్షరాలు కూర్చోబెట్టారు? నా భార్య పూతరేకుని ఏమందో నాకు తెలియాలి. చెప్పండి.