ఫాక్స్‌ప్రోకు నేనిచ్చిన పదవీ విరమణ

ఒక్క బిల్లు కొట్టి పెళ్లినే ఆపబోయిన ఘనుణ్ణి నేను. అదెలాగో చెబుతాను, నవ్వడం మీ ఇష్టం.

కొన్నేళ్ల కిందట ప్రొద్దుటూరులో మా షావుకారు బంగారు అంగడి బిల్లులన్నీ ఫాక్స్‌ప్రో అనే పాతకాలపు కంప్యూటరు భాషలో నడిచేవి. ఆ ప్రోగ్రాము నాకు ముందు అక్కడ పనిచేసిన గౌస్ మామ రాసింది. నేనేమో కొత్తగా, సొంతంగా పైథాన్ నేర్చుకుని పట్టపగలే కలలు కంటున్నాను. అద్దాల మీది ఎండలో బంగారు రజను తేలుతుంటే, ఫాక్స్‌ప్రో ముసలాయన శాలువా కప్పుకుని, చేతికర్ర ఊతంగా పెన్న దాటి మెల్లగా వెళ్లిపోతున్నట్టే కనిపించేది. కొత్త భాష వింత, పాత భాష రోత!

రోత అనడానికి నా దగ్గర లెక్క కూడా ఉండేది. ఆ ముసలిది రోజూ గంటన్నర సేపు 'ప్రింటరు సిద్ధంగా లేదు' అని మొరాయించేది. ఒకనాడు పొద్దున, ఒకనాడు సాయంత్రం. సగటు తీశాను, గ్రాఫు గీశాను, ముసలితనమే రోగమని తేల్చాను. ఏ రోజు ఏ వారమో మాత్రం రాసుకోలేదు. లెక్కలవాడికి అంకెలుంటే చాలదూ!

పైథాన్‌లో కొత్త ప్రోగ్రాము రాసి, ఒక శుక్రవారం పొద్దున మొదలుపెట్టాను. మొదటి బేరం తాళిబొట్టు. జమ్మలమడుగు నుంచి ఒక అవ్వ, పెళ్లికూతురైన మనవరాలితో వచ్చింది. పదకొండుకు బిల్లు కొత్త కోడలిలా చప్పుడు చేయకుండా బయటికి వచ్చింది. మనవరాలు టైముతో సహా చదివింది. అవ్వ చాచిన చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఏందప్పా ఇది! శుక్రవారం, పదకొండు! రాహుకాలంలో తాళి కొనిపిస్తాండావా?"

"కంప్యూటరుకు రాహువు లేడవ్వా."

"నాకుండాడు! లెయ్యి పాపా. శకునం శానా చెడ్డది. ఈ సంబంధమే వద్దు, పోదాం పా!"

మనవరాలి కళ్లలో నీళ్లు తిరిగాయి. షావుకారు చూసిన చూపుకు అంగట్లో బంగారమంతా కరగాలి. ఫోన్ అందుకున్నాను.

"గౌస్ మామా, నీ ప్రోగ్రాములో ప్రింటరు ఎందుకు ఆగుతాంటాది?"

"రాహుకాలమప్పా! మీ షావుకారు నాయన, పెద్ద షావుకారు పెట్టించినాడు. రాహుకాలం, ఆగండి అంటే నమ్మనోళ్లు ఎగతాళి చేస్తారు. మిషను చెడిపోయిందంటే అందరూ టీ తాగుతా కూచుంటారు. యాల? పీకేసినావా ఏంది?"

ఆ బిల్లు చింపేసి, లేవబోతున్న అవ్వ ముందుకు పాత కంప్యూటరును తెచ్చి మీట నొక్కాను. 'ప్రింటరు సిద్ధంగా లేదు.' మనవరాలు అది గట్టిగా చదివింది. అవ్వ మెల్లగా మళ్లీ కూర్చుంది.

"చూసినావా పాపా," అంది టీ ఊదుకుంటూ, "ఈ ముసలిదానికుండే భయం భక్తీ ఆ కొత్తదానికి యాడుండాయి?"

పన్నెండు దాటాక ప్రింటరు గరగరమంది. మనవరాలు నవ్వింది. పెళ్లి నిలిచింది.

ఇప్పుడు మా అంగట్లో ఉన్నది పైథానే. రోజూ గంటన్నర సేపు నిష్ఠగా చెడిపోతుంది.

ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట ఏ భాషా చచ్చిపోయిందని ప్రకటించను. ప్రకటించక తప్పకపోతే, ముందు పంచాంగం చూసుకుంటాను.