రాయచోటి సామి పేరు గల ఆయన

డోన్‌లో వీరభద్రయ్యను ఎరగని బస్సు కండక్టరు లేడు. ఆయన ఎరిగిన వంటింటి డబ్బా ఒక్కటీ లేదు. అన్నదమ్ములు బట్టలకొట్టు గద్దె మీద కూర్చుంటే, ఆయన ఆర్డర్లు పట్టే నెపంతో ఆదోని నుంచి వేంపల్లె దాకా ఊళ్లు పట్టుకు తిరిగాడు. చేతిసంచిలో చీరల మచ్చుల కంటే పాత పుస్తకాలే ఎక్కువ. బజ్జీలు చుట్టిచ్చిన కాగితాన్ని కూడా అటూ ఇటూ చదివి గానీ పారేయడు. అంత చదివాక లోకంలో ప్రతిదాని మీదా ఆయనకు ఒక అభిప్రాయం ఏర్పడింది, ఒక్క తన ఇంటి మీద తప్ప. ఇంటిని భార్య ప్రమీలమ్మ చూసుకునేది. అంటే, ఆయన చూడనక్కర లేకుండా చూసుకునేది.

ఆమె మరుపును మొదట కనిపెట్టింది కూడా ఆయన కాదు, పక్కింటి సోమక్క.

"అన్నా, వదిన పప్పులో రెండు తూర్లు ఉప్పేస్తాంది. మళ్లీ నన్ను పిలిచి, ఉప్పేసినానా అని అడుగుతాంది."

వీరభద్రయ్య వెంటనే ఉప్పు చరిత్ర ఎత్తుకున్నాడు. సముద్రపు ఉప్పు, రాతి ఉప్పు, చౌటి ఉప్పు. సోమక్క చౌటి ఉప్పు దగ్గర లేచి వెళ్లిపోయింది. చివరికి కడపలో ఉన్న కూతురు నాగజ్యోతి ఫోన్లో పోరు పెట్టి, తల్లిదండ్రులిద్దరినీ కర్నూలులో నరాల డాక్టరు దగ్గరికి తోలింది. అది రెండువేల ఆరు, ఎండలు ముదురుతున్న రోజులు.

డాక్టరు శ్రీవిద్య చిన్నపిల్ల. నెమ్మదిగా అడిగింది.

"ఇది ఏ నెలమ్మా?"

"ఎండల నెల."

"మనం యాడ ఉన్నామమ్మా?"

"ఆస్పత్రిలో."

"తప్పేముండాది అందులో?" అని వీరభద్రయ్య తొడ చరిచాడు.

"మీ ఆయన పేరేంది?"

ప్రమీలమ్మ తల వంచుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. డాక్టరు ఇంకా చాలా అడిగింది, తల ఫోటో తీయించింది. అల్జీమర్స్ అని చెప్పింది. నయం కాదు, మాత్రలు వాడితే కొంతకాలం కుదురుగా ఉండొచ్చు, ఆలస్యం చేయొద్దంది.

"నువ్వు ఏ ఊరి పిల్లవమ్మా?" అన్నాడు వీరభద్రయ్య. "మా పక్క మొగుడి పేరు చెప్తారా ఆడోళ్లు? పెండ్లినాడు మా చెల్లెండ్లు అడ్డం నిలబడి పేరు చెప్పమంటే, పొద్దుగూకేదాకా గడప బయటనే నిలబడిన మనిషి ఈమె!"

ఆ మాట నిజమే. ఆయన పేరు నోట రాకూడదని ప్రమీలమ్మ వీరభద్రస్వామిని కూడా 'రాయచోటి సామి' అనే మొక్కేది. ఓటర్ల జాబితావాళ్లు వస్తే "రాయచోటి సామి పేరే ఆయనది" అని చెప్పి లోపలికి పోయేది.

కాబట్టి వీరభద్రయ్య తేల్చేశాడు: సిగ్గును చూసి రోగమనుకుంది ఈ డాక్టరు. మందుల షాపు ముందు నుంచే బస్టాండుకు నడిచాడు. "మాత్రలు మొదలుపెట్టినారా నాయనా?" అని కూతురు అడిగితే, "పెట్టినాం తల్లీ" అన్నాడు. ఇంట్లో తన వైద్యం మొదలుపెట్టాడు. సరస్వతి ఆకు పసరు పోశాడు. బుర్రకు పదును పెడదామని, డోన్ తర్వాత ఏ స్టేషన్ వస్తుందో చెప్పమన్నాడు. ఎన్నడూ తాను రైలెక్కించి ఎరగని మనిషిని స్టేషన్లు అడగడం ఏం న్యాయమో, అంత చదివినవాడికీ తట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఆకు కోసం పోయి తిరిగొచ్చేసరికి, ప్రమీలమ్మ వాకిట్లో చేట ముందేసుకుని వేరుశనగ కాయలు ఒలుస్తోంది. తలెత్తి చూసింది.

"ఎవరు కావాల నాయనా?"

పరాచికం అనుకున్నాడు. "యజమాని లేడామ్మా?" అన్నాడు, తానూ తక్కువ తినకుండా.

"లేడప్పా. వీరభద్రయ్య ఇంట్లో యాడుంటాడు? ఊర్ల మీద ఉంటాడు."

ఎక్కడా తడబడలేదు. కొంగు అడ్డం రాలేదు. తన పేరు అంత బాగుంటుందని వీరభద్రయ్యకు అప్పుడే తెలిసింది. ఇది పరాచికం కాదని కూడా.

అప్పుడు కూడా బుద్ధి పోనిచ్చుకున్నాడా? మంచి మాట ఏదైనా వస్తుందేమోనని అడిగాడు. "ఎట్లాంటి మనిషమ్మా ఆయన?"

"మంచోడే. నోరు శానా. ఎదురుగా మనిషి ఉండాదా గోడ ఉండాదా చూసుకోడు, చెప్తానే ఉంటాడు. పప్పు మాడినా వంక పెట్టడు, చదువుకుంటా తింటాడు గదా."

"నిన్నేమన్నా కష్టపెట్టినాడా?"

"ఉంటే గదప్పా కష్టపెట్టేకి!"

ఆస్పత్రిలో ఆమె రాయచోటి సామి అని కూడా అనలేదు. ఆ సంగతి ఇప్పుడు తట్టింది వీరభద్రయ్యకు. పేరు దొరక్క నవ్విన నవ్వును సిగ్గు అనుకుని, కర్నూలు నుంచి డోన్ దాకా బస్సులో పక్కసీటు ఆయనకు దాని మీద ఉపన్యాసం కూడా ఇచ్చాడు. సోమక్కను వచ్చి ఆమె దగ్గర కూర్చోమని, ఆకు అక్కడే పడేసి మందుల షాపుకు పోయాడు.

మాత్రలు తెచ్చాడు. సోమక్క పాలు పొంగుతున్నాయని ఇంటికి పోయింది. ప్రమీలమ్మ చెయ్యి చాపలేదు.

"ఎవురో మగోడు తెచ్చిన మాత్ర నేనెందుకు మింగల్ల?"

"మీ ఆయనే పంపినాడమ్మా, వేంపల్లె నుంచి."

ఆమె ఆయన్ను ఎగాదిగా చూసి ఫక్కున నవ్వింది. "వీరభద్రయ్య? నాకు మాత్రలు? అబద్ధమాడితే అతికినట్టు ఉండల్లప్పా!"

వీరభద్రయ్య ఆలోచించాడు. తన పేరు ఇక్కడ చెల్లదని అప్పటికే తేలిపోయింది.

"లేదులే. సోమక్క ఇయ్యమనింది."

"ఆ మాట ముందే చెప్పొద్దా?" అని మాత్ర అందుకుని, నీళ్లతో గుటుక్కున మింగేసింది. "రేపు కూడా నువ్వే తెస్తావా?"

"తెస్తానమ్మా. పోయొస్తా మరి?" అన్నాడు, ఏమంటుందో చూద్దామని.

"పోయొస్తామనేటోళ్లను శానామందిని చూసినాలే. ఈడనే ఉండు." చేటను ఆయన వైపు నెట్టింది. "ఊరికే ఎందుకు కూర్చోనుండేది, ఈ బుడ్డలు ఒలువు. ఒలిచినవి నోట్లో వేసుకోవద్దు."