ఇంజను మూత ఆరేదాకా

మా మరిది పోయినాడని తెలిసి పరామర్శకు వచ్చిన మీలో సగంమంది వీధి మొదట్లోనే ఒక మాట పట్టుకొని వచ్చినారు: "పాపం, కారు బాగుచేస్తా చేస్తా పోయినాడంట గదా!" బడిలో పంతులమ్మగా చేసినదాన్ని, తప్పు కనపడితే దిద్దకుండా ఉండలేను. ఆయన కారు బాగుచేస్తా పోలేదు. పొద్దున అరుగు మీద కుర్చీలో కూర్చొని టీ తాగుతా పోయినాడు. గ్లాసు కూడా కింద పడలేదు. ఇంకో మాట, ఆయన ఆ కారును ఎన్నడూ బాగుచేయలేదు. రంగు వేసినాడు. అదీ కారుకు కాదు, ఇంజను మీద ఉండే మూతకు.

తెలియనివాళ్లకు చెబుతాను. ఆయన మా ఆయనకు తమ్ముడు. రెండిళ్లకూ నడుమ గోడ ఒకటే, పైన మిద్దె ఒకటే. పలకల ఫ్యాక్టరీ నడిపినాడు. పిల్లలు పలకలు మానేసి ఫోన్లు పట్టుకున్నాక దాన్ని మూసేసి, ఊరికే కూర్చోలేక ఒక పాత కారు కొన్నాడు. కొన్ననాడే మా తోడికోడలికి మాటిచ్చినాడు: "నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి, దోర్నాల ఘాటెక్కించి, శ్రీశైలం తీసుకపోతా." పెళ్లయినప్పటినుంచి ఆమె శ్రీశైలం పోయిందంటే బస్సులో, వెనక సీట్లో, వాంతికని కవరు చేతిలో పట్టుకొని పోయిందే. ముందు సీటు అనేసరికి ఆ రోజే బీరువాలోనుంచి చీర తీసి పక్కన పెట్టుకుంది.

అంతలో ఇంజను పైనుంచి ఆయిలు కారడం మొదలైంది. సందు చివరి మెకానిక్ వచ్చి చూసి, "టాపెట్ కవర్ కింద ప్యాకింగ్ పోయింది పెద్దనాయనా. ఈ మూత తీసి, కొత్త ప్యాకింగ్ పెట్టి బిగిస్తే సరి, నువ్వు టీ తాగి వచ్చేలోపల అయిపోద్ది" అన్నాడు. మూత తీసేదాకా అట్లనే జరిగింది. తీసిన మూతను మా మరిది చేతుల్లోకి తీసుకొని అటు తిప్పి ఇటు తిప్పి చూసినాడు. జిడ్డు పట్టి అట్లపెనం అడుగులాగా ఉంది.

"ఇట్లనే బిగిస్తే ఇంజనుకు మర్యాద కాదు" అన్నాడు.

శ్రీశైలం అక్కడ ఆగింది.

ముందు మూతను నా ఆవకాయ బేసిన్‌లో కిరసనాయిలు పోసి నానేసినాడు. నన్ను అడగలేదు. తర్వాత చింతపండు అడిగినాడు. "ఇత్తడి చెంబు తోమితే మెరుస్తుంది గదా వదినా, ఇదెందుకు మెరవదు?" అని. పాత రంగంతా గీకి, బోల్టు రంధ్రాలకు టేపులంటించి, ఎర్ర రంగు వేసినాడు. అక్కడితో ఆగే మనిషయితే నేనీ నాలుగు మాటలు రాసే పని ఉండేది కాదు.

బతుకంతా పలకలు రుద్దిన చెయ్యి. రంగు ఆరినాక అరచేత్తో నిమిరి చూసేవాడు. ఎక్కడో ఒక గరుకు తగిలేది. పలకయితే గరుకు మీద బలపం సాగదు, ఒప్పుకుంటా. ఇంజను మూత మీద ఎవరు అఆలు దిద్దాల? అయినా నీళ్లు చల్లి, ఎమెరీ కాగితంతో, పలకను రుద్దినట్టే రుద్దేవాడు. రుద్దితే గరుకుతోపాటు రంగూ పోయేది. మళ్లీ వేసేవాడు. మళ్లీ నిమిరేవాడు.

"బానెట్ మూసినాక ఆ ఎరుపు ఎవరికి కనపడుద్దయ్యా?" అన్నాను ఒకసారి.

"తీసినప్పుడు కనపడుద్ది వదినా."

"ఎప్పుడు తీస్తారు?"

"బండి చెడిపోయినప్పుడు."

"అంటే నీ పనితనం లోకం చూడాలంటే బండి నడిరోడ్డు మీద ఆగిపోవాలన్నమాట."

ఆయన నా మాటకు కోపం తెచ్చుకునే మనిషి కాదు. "ఆగినప్పుడన్నా ఇంత అందంగా కనపడాల గదా" అన్నాడు.

రంగు డబ్బా మీద వేడిలో ఆరబెట్టమని ఉందంట. పెనం మీద పెడతానని మా వంటింటి గడపదాకా వచ్చినాడు. నేను అట్లకాడ చూపించినాను. దాంతో మిద్దెక్కినాడు. మార్కాపురం ఎండ ఉండగా పొయ్యి ఎందుకు, నిజమే. కాని నా మినప వడియాలను పక్కకు జరిపి, వాటి నడుమ, వడియాలు పెట్టిన పాత చీర మీదనే మూతను పెట్టినాడు. ఈ ఏడు వడియం వేయిస్తే ఇంట్లో థిన్నర్ వాసన. మా ఆయన పప్పన్నంలో నంజుకొని, "ఇంగువ మార్చినావా?" అని అడిగినాడు.

ఒకరోజు పచ్చి రంగు మీద కాకి వాలి, ఈ చివరనుంచి ఆ చివరకు నడిచిపోయింది. ఇంక చూడండి, ఎండాకాలమంతా గొడుగేసుకొని, విరిగిన పలకముక్కలు ఒళ్లో పోసుకొని, మిద్దె మీద కాపలా కూర్చున్నాడు. మా టీవీ డిష్‌కు సొట్టలు పడినాయి గాని, కాకులకు ఒక్కటీ తగల్లేదు. మా తోడికోడలు కింద నిలబడి, "అక్కా, ఎప్పుడు పోదామంటాడో మీ మరిదిని అడుగు" అనేది. నేను పైకి కేకేసేదాన్ని. పైనుంచి ఎప్పుడూ ఒకటే జవాబు: "ఇంకా ఆరలేదు వదినా!"

వేళాకోళానికే రాస్తున్నాననుకునేరు. నాకు కంటి ఆపరేషన్ అయి పేపరు చదవలేనప్పుడు, రోజూ పొద్దున్నే ఆయన వార్తలన్నీ పలక మీద పెద్ద పెద్ద అక్షరాల్లో రాసి మా కిటికీలో నిలబెట్టేవాడు. చావు వార్తలు మాత్రం రాసేవాడు కాదు. "అవి కన్ను బాగయినాక చదువుకుందువులే, తొందరేముంది" అనేవాడు. ఇప్పుడు నేను రాసే ఈ వార్త ఆయన పలక మీదికయితే ఎక్కేది కాదు.

పోయే ముందురోజు సాయంత్రం మూతను నిమిరి, మొట్టమొదటిసారి "ఆరింది వదినా" అన్నాడు. నేనూ నిమిరినాను. ఒప్పుకోక తప్పదు, పాలమీగడలాగా ఉంది. అంత పాత బండికి ప్యాకింగ్ ఇప్పుడు దొరకడం లేదు, గిద్దలూరులో కార్కు బెండు షీటు కోసి ఇస్తారు, మూత పంపమని మెకానిక్ అన్నాడు. బస్సులో పంపితే గీకులు పడవా అని ఈయన భయం. మూతకు బదులు పంపడానికి చట్రం కట్టని పెద్ద పలక తెచ్చి, దాని మీద మూతను బోర్లించి, చుట్టూ బలపంతో గీత గీసినాడు, రంధ్రాలతో సహా. తుడిచి మళ్లీ గీసినాడు, మళ్లీ తుడిచినాడు. "చెరగకుండా మేకుతో గీకరాదా?" అంటే, "దిద్దుకునే వీలుండాల వదినా" అన్నాడు. తెల్లారితే టీ తాగినాడు. తర్వాతిది మీకు తెలుసు.

పిండం పెట్టిన రోజు కాకి రాలేదు. కోరికేదో మిగిలిపోయిందని పెద్దలందరూ తలలాడించినారు. కోరిక కాదు, ఆ కాకులకు జ్ఞాపకశక్తి ఉంది. ఎండాకాలమంతా రాళ్లేసి తరిమిన మనిషి ఇప్పుడు అన్నానికి పిలిస్తే వస్తాయా? అయ్యవారు, "ఏదన్నా మాటివ్వండమ్మా" అన్నాడు. మా తోడికోడలు ముందుకొచ్చి చేతులు జోడించి, "నీ మూత మీద గీకు పడనీయను. బిగించి, అదే కార్లో శ్రీశైలం పోతా. ముందు సీట్లోనే కూర్చుంటాలే" అన్నది. ఒక ముసలి కాకి వచ్చి వాలింది. జనం కళ్లొత్తుకున్నారు. విస్తరి పక్కన నేనొక వడియం పెట్టిన సంగతి ఎవరూ చూడలేదు. అది పిండం కన్నా ముందు వడియాన్నే పొడిచింది. థిన్నర్ వాసన వచ్చిందో ఏమో, ఒక్కసారి నా వైపు చూసి, తర్వాత అన్నం తిన్నది.

ఆ మరుసటి రోజే పాతసామాన్లవాడు గేటు దగ్గరికొచ్చి, "మూత లేని బండి ఎందుకమ్మా, వానలు వచ్చేసినాయి, తుప్పు పడుద్ది" అన్నాడు. తోడికోడలు ఇంజను మీద కప్పిన దుప్పటి సర్ది, "మూత ఉంది. ఆరింది కూడా" అని గేటు వేసేసింది. కారు నడపడానికి మా మనవరాలు ఉంది. చీర ఇస్త్రీ అయి ఉంది. ప్యాకింగ్ ఒక్కటే తక్కువ.

కాబట్టి మీలో ఎవరన్నా గిద్దలూరు పోయేటట్లయితే, మా ఇంటికొచ్చి ఆ పలక తీసుకపోండి. గీతకు తగలకుండా అంచుల్లో చెక్కముక్కలు పెట్టి, పైన ఇంకో పలక మూసి, తాడుతో కట్టి ఉంచినాను. బరువే, ఒళ్లో పెట్టుకోండి. కిటికీ పక్కన మాత్రం కూర్చోవద్దు, జల్లు పడుతుంది. తాడు దుకాణంలోనే విప్పండి. చూసి కొలుచుకోమనండి, చెయ్యి పెట్టనీయకండి. షీటు కోయడం అయినాక పలకను అక్కడ వదిలేసి రావద్దు. వాళ్లు మర్యాదస్తులు, తుడిచి ఇవ్వబోతారు.

తుడవనీయకండి.