సాయన్న రాని రెండు సోమవారాలు

1941 జూన్ రెండో తేదీ, సోమవారం, పొద్దున ఏడు గంటలకు మంగలి సాయన్న మొయినాబాద్‌లో మా అనాథ పిల్లల ఇంటి ముందు చెప్పులు విప్పి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఏడు గంటలని ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలనంటే, ఆ ఇంట్లో గోడ గడియారానికి తాళం తిప్పే పని నాది. తిప్పి అప్పుడే బల్ల దిగాను. నాకు అప్పుడు పదేళ్లు. అంతా అక్కడే మొదలైంది.

మొన్న శనివారం ఆ పొద్దు మళ్లీ నా ముక్కుకు తగిలింది. మా ఇంటిని ఆనుకున్న బడికి పట్నం కంపెనీవాళ్లు పాతికమంది ఒకే రంగు చొక్కాలు వేసుకుని వచ్చారు. అనాథ పిల్లలకు సేవట. జుట్టు కత్తిరించారు, గోళ్లు తీశారు, ఫొటోలు దిగారు. తడి వెంట్రుకల వాసన గోడ దాటి నా కుర్చీ దాకా వచ్చింది. ఒక అమ్మాయిని పిలిచి, "మీ అంతట మీరే వచ్చిన్రా బిడ్డా?" అని అడిగాను. ఆమె నవ్వింది. "హాజరు వేస్తారు అమ్మమ్మా. రాకపోతే మేనేజర్ ఊరుకోడు" అంది. ఆ మాట మా ఎస్తేరవ్వ విని ఉంటే ఏం చేసేదో నాకు తెలుసు. పాతికమందికీ తలా ఒక జొన్నరొట్టె పెట్టి ఇంటికి పంపేసేది.

ఎస్తేరవ్వను చూసినవాళ్లలో ఇప్పుడు బతికి ఉన్నది నేనొక్కదాన్నే అనుకుంటాను. అందుకే రాస్తున్నాను. ఆమె చేవెళ్ల కూలివాళ్ల బిడ్డ. క్రైస్తవుల బడిలో చదువుకుని పంతులమ్మ అయింది. పొట్టి మనిషి. పెళ్లయిన నాలుగేళ్లకు భర్త పోయాడు. గత్తర వచ్చిన ఏడు తల్లీతండ్రీ లేకుండా మిగిలిన ముగ్గురు పిల్లలను ఇంటికి తెచ్చుకుంది. కలరాను మేం గత్తర అనేవాళ్లం. ఆ ముగ్గురిలో ఒకదాన్ని నేను. 1941 నాటికి మేం పద్నాలుగు మందిమి. చేవెళ్లలో ఆమె తండ్రి విడిచిపోయిన రెండెకరాల జొన్న చేను, ఒక బర్రె, ప్రార్థనకు వచ్చే ఆడవాళ్లు వంటకు ముందు పక్కకు తీసిపెట్టే గుప్పెడు బియ్యం. వీటితోనే ఇల్లు నడిచేది. ఎవరైనా జాలిపడి గడపలోకి వస్తే ఆమె అడిగేది ఒకటే ప్రశ్న: "నీకేం పని వస్తది?"

సాయన్నను కూడా ఆమే అడిగింది, సంతలో. పిల్లల తలల నిండా పేన్లు, వచ్చి గొరుగుతావా అని. సాయన్న దాన్ని హుకుం అనుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు. మాకు కోసు దూరంలో ఉన్న ఊళ్లో ఒక దొర గడి, అంటే కోటలాంటి ఇల్లు, ఉండేది. ఆ ఊరి పేరు, ఆ దొర పేరు నేను రాయను. నా కాగితం మీద ఆయనకు చోటు లేదు. ఆ గడిలో మంగలి, చాకలి, కుమ్మరి అందరూ కూలి లేకుండా వెట్టి చేయాల్సిందే. సాయన్నది ఆ ఊరే. ఊరికే పని చేయడమంటే ఆయనకు తెలిసింది వెట్టి ఒక్కటే. అందుకే చెప్పులు విప్పి తల వంచుకుని నిలబడ్డాడు.

"ఎన్ని తలకాయలమ్మా?" అన్నాడు, నేలను చూస్తూ.

"ముందుగాల చెప్పులేసుకో" అంది అవ్వ.

"వద్దమ్మా. దొరల ఇంటి ముంగట గట్ల..."

"ఇది దొరల ఇల్లు గాదు. నీకు ఇష్టమైతే గొరుగు. లేకుంటే రొట్టె తిని పో."

సాయన్న మొదటిసారి తల ఎత్తాడు. "ఇష్టమా? నా ఇష్టంతోని నీకేం పనమ్మా?" అని నవ్వాడు.

పది గంటలకల్లా పద్నాలుగు తలలు నున్నగా అయ్యాయి. సాయన్న రొట్టె ముట్టుకోలేదు. వెళ్లేటప్పుడు అవ్వ అతని వెనకే నడిచి, "సాయన్నా, రాబుద్ధి గాకుంటే రాకు. రానని చెప్పే పని గూడ లేదు. ఎవ్వరూ అడగరు" అంది. ఆయన కంచె దాటాక వెనక్కి చూశాడు.

తొమ్మిదో తేదీన వచ్చాడు. పదహారున రాలేదు. ఇరవై మూడున కూడా రాలేదు. ఆ వారంలోనే కొత్తగా చేరిన ఇద్దరు పిల్లల నుంచి పేన్లు మళ్లీ అందరికీ ఎక్కాయి. నేను గోక్కుంటూ, "అవ్వా, ఉరికిపోయి సాయన్నను తోల్కరానా?" అన్నాను. "పోవద్దు" అంది. "పేన్లు కొరుకుతున్నయ్ అవ్వా." "కొరకనియ్." చేవెళ్లకూ మొయినాబాద్‌కూ మధ్య టాంగా నడిపే ఖాసిం భాయ్ ఆ దారినే వచ్చి, "బహెన్, ఆ సాయన్న ఇంటి ముంగట ఖాళీగ కూసున్నడు. బీడీ తాగుతున్నడు. జర ఆగు, టాంగల ఎక్కించి తెస్త" అన్నాడు. అవ్వకు అంత కోపం రావడం నేను అప్పటిదాకా చూడలేదు. "నువ్వు వాన్ని తెస్తే నీ టాంగ ఇంకెప్పుడు నా ఇంటి ముంగట ఆపొద్దు భాయ్" అంది. ఖాసిం భాయ్ గుర్రాన్ని చూస్తూ, "చూసినవా బేటా, మంచికి పోతే మనకే తిట్లు" అని వెళ్లిపోయాడు.

ముప్ఫైయో తేదీ సోమవారం సాయన్న వచ్చాడు. చెప్పులు కాళ్లకే ఉన్నాయి.

"ఎందుకు రాలేదని అడగవా అమ్మా?"

"అడుగ."

"ఊకెనే రాలే. పనేం లేకుండె. ఎవరన్న కట్టె వట్టుకొని వస్తరేమో అని రెండు సోమారాలు ఇంటి ముంగట్నే కూసున్న. ఎవ్వరూ రాలే." పెట్టె కింద పెట్టి, "ఆ రొట్టె ఉన్నదా?" అన్నాడు. మా మధ్య చాపమీద కూర్చుని రెండు రొట్టెలు తిని కత్తి నూరాడు. ఆ రోజు నుంచి ఆయన మాకు మామ అయిపోయాడు. కదిలినవాడి నెత్తిన మొట్టేవాడు, పేన్లు ఎక్కువున్నవాణ్ని "పటేలా, నీ పశువులు బాగ బలిసినయ్" అని ఏడిపించేవాడు.

ఆ సంగతి చుట్టుపక్కల ఊళ్లలో పాకింది. రాకపోయినా ఏమీ అనని ఇల్లు ఒకటుందని. 1942 ఆఖరుకు పదకొండు మంది వస్తుండేవారు. ఖాసిం భాయ్ శనివారం చేవెళ్ల నుంచి జొన్న బస్తాలు తెచ్చి, తిరుగు ప్రయాణంలో నలుగురేసి పిల్లలను ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పేవాడు. ఒక రైతు ఏడాదికి రెండు రోజులు చేను దున్నేవాడు. ఒక ముసలి మున్షీ శుక్రవారం ఉర్దూ అక్షరాలు దిద్దించేవాడు. ఒక కుమ్మరావిడ కుండలు ఇచ్చేది. బాలమ్మ అనే ముసలమ్మ వచ్చి, "నాకేం రాదు ఎస్తేరూ, తిట్టుడొక్కటే వస్తది" అంటే, అవ్వ క్షణం ఆలోచించి, "రోజూ మాపటికి రా. పాఠం రానోళ్లను తిట్టు. నాకు తిట్టబుద్ధి గాదు" అంది. బాలమ్మ తిట్లకు భయపడి నేను ఎక్కాలు ఇరవై దాకా నేర్చుకున్నాను. ఇప్పటికీ తప్పు పోను.

1943లో వానలు సరిగా పడలేదు. ఆగస్టు తొమ్మిది, సోమవారం, గడికి చుట్టాలు వచ్చారు, సాయన్నను రమ్మని కబురు వచ్చింది. సాయన్న, "ఇయ్యాల రాను" అన్నాడట. మా ఇంట్లో నేర్చిన మాటను తన ఊళ్లో అన్నాడు. పన్నెండో తేదీ గురువారం గడి గుమాస్తా గుర్రం మీద మా ఇంటికి వచ్చాడు.

"ఏమమ్మా ఎస్తేరూ, మా మంగలి నీ ఇంట్ల వెట్టి చేస్తుండట?"

"వెట్టి గాదు."

"పైసలిస్తున్నవా?"

"లేదు."

"మరి వెట్టి గాకుంటే ఏంది?"

"రేపు రాకుంటే నేను కొట్ట. మీరు కొడ్తరు. గంతే తేడా" అంది అవ్వ.

గుమాస్తా కోపం తెచ్చుకోలేదు. అరుగు మీద కూర్చున్నాడు. దొరకు అనాథలంటే దయ అన్నాడు. ఇంటికి రేకులు వేయిస్తాడు, ఏడాదికి సరిపడా ధాన్యం పంపుతాడు. బదులుగా ఇద్దరు ఆడపిల్లలు కావాలి. దొర బిడ్డకు మార్గశిరంలో పెండ్లి. వేలితో నన్నూ రూతునూ చూపించాడు. దొర బిడ్డ అత్తగారింటికి పోతే వెంట పనిపిల్లలను పంపడం ఆ రోజుల్లో ఆచారం. అట్లా పోయిన పిల్ల తిరిగి రాదు. ఆమెకు పెళ్లి ఉండదు, కూలి ఉండదు, సొంత మాట ఉండదు. నాకు పన్నెండేళ్లు, షాబాద్ నుంచి వచ్చిన రూతుకు పదమూడు. మాకు అదంతా తెలుసు. ఇంట్లో తొమ్మిది రోజుల జొన్నలే ఉన్నాయని కూడా తెలుసు.

అవ్వ కాదంటుందని చూశాను. ఆమె అనలేదు. మా వైపు తిరిగి, "మిమ్మల్ని అడుగుతున్నడు. మీరే చెప్పున్రి" అంది.

రూతు వెంటనే, "నేను రాను" అంది, అన్నం వద్దన్నంత తేలికగా. నా నోరు పెగల్లేదు. సిగ్గుపడకుండా రాస్తాను: గడిలో రోజూ వరి అన్నం ఉంటుందన్న ఆలోచన వచ్చింది నాకు. నేను పోతే మిగతావాళ్లకు ఏడాది తిండి అన్న లెక్క కూడా వేశాను.

గుమాస్తా నవ్వాడు. "ఈ పిల్లకు మాట రాదా?"

"వస్తది. ఆగు" అంది అవ్వ. గుర్రం తోక ఊపుకుంటోంది. ఎవరూ కదల్లేదు. అవ్వ నా భుజం మీద చెయ్యి కూడా వేయలేదు. వేసి ఉంటే అది ఆమె మాటే అయ్యేది.

"రాను" అన్నాను.

"ఏందీ?"

"రాను!"

గుమాస్తా లేచి గుర్రం ఎక్కుతుంటే గోడ పక్క నుంచి బాలమ్మ, "నీ నోట్లె మన్ను వడ! పిల్లల్ని గొర్రెలోలె లెక్కవెడ్తవుర?" అని అందుకుంది. గుర్రం మలుపు తిరిగేదాకా ఆపలేదు. ఆ సాయంత్రం పాఠాలు ఎవరూ తప్పలేదు.

పదహారో తేదీ సోమవారం సాయన్న అరగంట ఆలస్యంగా వచ్చాడు. కుడి చేతికి గుడ్డ చుట్టి ఉంది. గడిలో కట్టెతో వేళ్ల మీదే కొట్టారట. ఎడమ చేత్తో పెట్టె కింద పెట్టి, "ఇయ్యాల మీరే గొరగాలె. నేను చెప్త. సుగుణా, కత్తి వట్టు" అన్నాడు నాతో. "ఆడపిల్ల మంగలిపని చేస్తదా?" అని ఎవరో అన్నారు. "చెయ్యికి తెల్వదు ఆడో మగో" అన్నాడు సాయన్న. నేను నాలుగు తలలు గొరిగి ఒక చెవి కోశాను. రూతు ఆరు తలలు గొరిగింది, ఒక్క గాటు లేకుండా.

తర్వాత గడి నుంచి మాట వచ్చింది, మా ఇంటికి ఎవరూ పోవద్దని. కుమ్మరావిడ కంచె అవతల నిలబడి ఏడ్చింది: "నేనింక రానమ్మా. నాకు పిల్లలున్నరు." రైతు రాలేదు, మున్షీ రాలేదు. పదకొండు మందిలో ఏడుగురు మానేశారు. నేను పిడికిళ్లు బిగించి వాళ్లను తిడుతుంటే అవ్వ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "రానన్నోళ్లను తిడితే మనకూ గడికీ తేడా ఏముంటది? ఆ మాట మనమే ఇచ్చినం. మనకు నొప్పైనప్పుడు వాపసు తీసుకుంటమా?"

సెప్టెంబర్‌లో గడివాళ్లు పశువులను చేవెళ్ల దాకా తోలి మా చేలో వదిలారు. జొన్న మొత్తం పోయింది. అక్టోబర్‌లో రూతుకు జ్వరం వచ్చింది. కోసు దూరంలో వైద్యుడు ఉన్నాడు. అవ్వే నడిచి వెళ్లింది. ఆయన గడప దాటలేదు. "రానమ్మా. నన్ను బతకనియ్" అన్నాడు. అవ్వ తిరిగి వచ్చింది. ఆయనను ఒక్క మాట అనలేదు. ఖాసిం భాయ్ రూతును టాంగాలో పడుకోబెట్టుకుని చేవెళ్ల దవాఖానకు గుర్రాన్ని పరుగెత్తించాడు. పదిహేడో తేదీ ఆదివారం, పగలు రెండు గంటలకు, దవాఖాన వరండాలో రూతు చనిపోయింది.

అవ్వ ఆ వైద్యుణ్ని క్షమించింది. నేను క్షమించలేదు. ఆమె నేర్పినవన్నీ నేను నేర్చుకోలేదని చెప్పడానికి నాకు భయం లేదు. పేన్లకోసం రానివాడు వేరు, ప్రాణం పోతుంటే రానివాడు వేరని నేను ఆమెతో చాలా ఏళ్లు వాదించాను. ఆమె ప్రతిసారీ వినేది, ప్రతిసారీ కాదనేది. 1949 మార్చిలో ఆమె పోయేటప్పటికి కూడా ఆ వాదన తేలలేదు. ఇప్పుడు నాకు ఎనభై ఆరు. రెండు వైపులా నేనే వాదించుకుంటున్నాను.

రూతు పోవడం నీ "రాను" వల్లనే కదా అని మా బంధువు ఒకడు నాతో అన్నాడు. కాదు. గడి వల్ల. ఆ "రాను" వల్ల నేను ముప్ఫై నాలుగేళ్లు బడిలో పాఠం చెప్పాను. నా దగ్గర చేరిన ప్రతి పిల్లకూ అక్షరాలకంటే ముందు ఆ ఒక్క మాట గట్టిగా పలకడం నేర్పాను. పలకలేని పిల్ల ముందు నిలబడి, భుజం మీద చెయ్యి వేయకుండా, ఆగాను. మొన్న ఆ కంపెనీ అమ్మాయితో కూడా అదే అన్నాను: "వచ్చే శనివారం రాబుద్ధి గాకుంటే రాకు. వస్తే మాత్రం హాజరు వేయించుకోకు." ఆమె మేనేజర్ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

1943లో మేం పోగొట్టుకున్నవి: రెండెకరాల జొన్న. ఒక బర్రె, మేత లేక అమ్మాం. వచ్చేవాళ్లలో ఏడుగురు. తిండి లేక చుట్టాలు తీసుకుపోయిన పిల్లలు ఐదుగురు. సాయన్న కుడి చేతి వేళ్లు రెండు. రూతు.